ట్రైనింగ్‌లో వచ్చిన టైము ఫిస్ రేసులో ఎందుకు రావడం లేదు? ఆల్పైన్ స్నోబోర్డ్ సర్క్యూట్‌కి కొత్తగా వెళ్లేవాళ్లకి జవాబు

మీ ప్రశ్న సారాంశం ఇది: జాతీయ స్థాయిలో హార్డ్ బూట్ల (ఆల్పైన్ స్నోబోర్డ్‌కి వాడే గట్టి ప్లాస్టిక్ బూట్ల) మీద కొన్నేళ్లుగా రేసులు చేస్తున్నారు. ట్రైనింగ్‌లో యూరప్ కప్ (వరల్డ్ కప్‌కి కింది స్థాయి) రైడర్లకి దగ్గరగా టైము వస్తోంది. కానీ పాల్గొన్న ఫిస్ (అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డ్ సమాఖ్య) రేసులన్నిట్లో మొదటి రన్‌తోనే బయటికి వచ్చేశారు. కొత్త బోర్డు కొనాలా, ఇంకా ఎక్కువ రేసుల్లో పాల్గొనాలా, వరల్డ్ కప్ దాకా దారి ఎలా ఉంటుంది అని అడిగారు.

మీ సమస్య బోర్డు కాదనే నా నమ్మకం. ట్రైనింగ్‌లో మీరు దిగే కోర్సు, రేసులో మీరు దిగే కోర్సు రెండూ ఒకటి కావు. వాలు అదే కావచ్చు, గేట్ల (చుట్టూ తిరిగి దిగాల్సిన స్తంభాల) మధ్య దూరం అదే కావచ్చు. కానీ ట్రైనింగ్‌లో ఆరేడుగురు దిగిన మంచు మీద మీ టైము తీస్తున్నారు. రేసులో మీ బిబ్ (దిగే వరస నంబరు) 51 అనుకోండి. బేసి నంబర్లు ఎరుపు కోర్సు, సరి నంబర్లు నీలం కోర్సు అయితే, మీకన్నా ముందు ఎరుపులో 25 మంది దిగిపోయి ఉంటారు. ప్రతి గేటు దగ్గరా వాళ్ల బోర్డుల ఎడ్జ్‌లు (పక్కనుండే లోహపు అంచులు) తవ్విన గాడి ఉంటుంది. ఆ గాడిలో దిగడం వేరే విద్య. దాన్ని విడిగా నేర్చుకోవాలి. కొత్తగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది నేర్చుకోరు.

క్వాలిఫికేషన్ ఎలా సాగుతుందో చూస్తే ఇది ఎంత ఖరీదైన లోపమో తెలుస్తుంది. పారలల్ జెయింట్ స్లాలమ్‌లో ఎరుపు, నీలం కోర్సులు పక్కపక్కనే ఒకేలా పెడతారు. వరల్డ్ కప్ పద్ధతిలో సగం మంది ఎరుపులో, సగం మంది నీలంలో మొదటి రన్ చేస్తారు. ఒక్కో కోర్సులో మొదటి 16 మందే కోర్సు మార్చుకుని రెండో రన్‌కి వెళ్తారు. రెండు రన్‌ల మొత్తం టైముతో తొలి 16 మంది ఫైనల్స్‌కి చేరతారు. కింది స్థాయి రేసుల్లో ఎంతమందిని ముందుకి పంపుతారన్నది మారవచ్చు కాబట్టి రేసు ఆహ్వాన పత్రంలో చూసుకోండి. అంటే మీ రోజంతా 35 నుంచి 45 సెకన్ల ఒక్క రన్‌లో తేలిపోతుంది. ఆల్పైన్ స్కీలో ఒక రేసు చెడితే మర్నాడు ఇంకో విభాగం ఉంటుంది. ఇక్కడ చాలా వారాంతాల్లో ఆ ఒక్క రన్ కోసమే దేశాలు దాటి వెళ్తారు.

బిబ్ వెనక ఎందుకు పడుతుందంటే పాయింట్ల వల్ల. ఆల్పైన్ స్కీలో పాయింట్లు ఎంత తక్కువైతే అంత మంచిది. స్నోబోర్డ్‌లో దానికి తలకిందులు, ఎక్కువ ఉన్నవాళ్లే ముందు. స్కీ నుంచి వచ్చిన కోచ్‌లు ఇక్కడ తికమక పడటం మామూలే. గత 12 నెలల్లో మీకు వచ్చిన రెండు మంచి ఫలితాల సగటే మీ ఫిస్ పాయింట్లు. బిబ్‌లు తీసేటప్పుడు అందరికన్నా ఎక్కువ పాయింట్లున్న బృందానికి తొలి నంబర్లలోంచి లాటరీ తీస్తారు. మిగతావాళ్లు పాయింట్ల వరసలో వస్తారు, పాయింట్లు లేనివాళ్లు చివర్లో. తక్కువ పాయింట్లు ఉంటే వెనక బిబ్, వెనక బిబ్‌కి లోతైన గాడి, లోతైన గాడిలో చెడ్డ ఫలితం, దాంతో మళ్లీ తక్కువ పాయింట్లు. ఈ చక్రం తెంచుకోకుండా యూరప్ కప్ రేసులు ఎన్ని చేసినా ఫలితం అదే.

తెంచడానికి రెండు దారులున్నాయి. మొదటిది సరైన రేసులు ఎంచుకోవడం. సగటు రెండు ఫలితాల మీదే కాబట్టి ఇరవై రేసుల్లో 40వ స్థానం కన్నా, బలమైన రైడర్లు కొందరు వచ్చే మామూలు ఫిస్ రేసు ఒకటి, జాతీయ ఛాంపియన్‌షిప్ ఒకటి బాగా చేయడం లాభం. కింది స్థాయి రేసుల విలువ వచ్చినవాళ్ల బలాన్ని బట్టి మారుతుంది. యూరప్ కప్‌కి రెండు మూడు రోజుల ముందు, అదే చోట ఫిస్ రేసులు పెడితే పెద్ద జట్ల రైడర్లు వాటికీ వస్తారు. కొండ అప్పటికే పరిచయం అవుతుంది, ప్రయాణం ఖర్చు ఒకసారే. అలాంటి వారాలు ముందుగా గుర్తు పెట్టుకోండి. రెండో దారి గాడిలో దిగడం నేర్చుకోవడం.

గాడిలో అందరూ చేసే తప్పులు రెండు. గాడిని చూసి భయపడి దానికి అవతల, నున్నటి మంచు మీదుగా వెళ్లడం ఒకటి. దూరం పెరుగుతుంది. అదీ కాక తర్వాతి గేటుకి రావాలంటే గాడి అంచుని అడ్డంగా దాటాలి, అక్కడ బోర్డు ఎగురుతుంది. రెండోది గేటు వైపు నేరుగా వచ్చి, గేటు దాటాక తిరగడం. ఆలస్యంగా తిరిగిన ప్రతి రైడరూ గేటుకి కిందనే ఒత్తిడి వేస్తాడు, కాబట్టి గాడి అన్నిటికన్నా లోతుగా, గతుకులుగా ఉండేది సరిగ్గా అక్కడే. మీరు కూడా అక్కడే ఎడ్జ్ మీద బరువు వేస్తే బోర్డు టకటకా కొట్టుకుంటుంది, తోక జారుతుంది.

మలుపులో ఎక్కువ పని గేటుకి పైనే అయిపోవాలి. పైనున్న గేటు దాటగానే కాళ్లు మడిచి బోర్డుని శరీరం కిందనుంచి అవతలికి పంపండి. బోర్డు వాలుకి అడ్డంగా ఉండగానే కొత్త ఎడ్జ్ పట్టాలి. గాడిలోకి వెళ్లేటప్పటికే బోర్డు తిరుగుతూ ఉంటే గాడి గోడ మీకు ఆసరా ఇస్తుంది, తిరగకుండా వెళ్తే అదే గోడ మిమ్మల్ని విసిరికొడుతుంది. మలుపు మొదటి సగంలో కాళ్లు చాచి మంచుని వెతకాలి, గేటు పక్కనుంచి వెళ్లేటప్పటికి ఒత్తిడి తగ్గుతూ ఉండాలి. గాడుల మధ్య ఎత్తు వచ్చినప్పుడు మోకాళ్లు మడవాలి, అంతేకానీ నడుము దగ్గర వంగకూడదు. చూపు కనీసం రెండు గేట్ల ముందు ఉండాలి. కింద గాడిని చూస్తూ దిగేవాళ్లు ప్రతి గేటుకి కొంచెం కొంచెంగా ఆలస్యమై, పదో గేటుకి కోర్సు బయట ఉంటారు. కొత్తవాళ్లు మొదట్లో బాగా దిగి మధ్యలో వెళ్లిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. మధ్యలోని ఆ గేటుని తప్పుపట్టి లాభం లేదు, వీడియోని నాలుగు గేట్లు వెనక్కి తిప్పి చూడండి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది మడమ వైపు మలుపు మీద. వేళ్ల వైపు తిరిగేటప్పుడు చీలమండ, మోకాలు, తుంటి మూడూ గతుకుల్ని మింగగలవు, బరువు కూడా ఎడ్జ్ మీదే ఉంటుంది. మడమ వైపు అలా కాదు. బూటు గట్టిగా ఉండటం వల్ల చీలమండ పని దాదాపు ఉండదు, తుంటి ఎడ్జ్‌కి వెనక్కి పోతుంది, కూర్చున్నట్టు అవుతుంది. కూర్చున్న భంగిమలో వేసిన ఎడ్జ్ నున్నటి మంచు మీద నిలబడుతుంది, గాడిలో నిలబడదు. సరి చేయడానికి ఛాతీని బోర్డు ముక్కు వైపు, వచ్చే గేటు వైపు తిప్పండి. వెనక చెయ్యి ముందుకి కనబడాలి, అది వీపు వెనక ఉంటే భుజాలు మూసుకుపోయినట్టే. వెనక మోకాలు ముందు మోకాలి వైపు నెట్టాలి. తుంటి రెండు బూట్ల మధ్యలోనే ఉండాలి, వెనక బూటు మీదికి పోకూడదు. పరీక్ష సులువు: ఎదురుగా తీసిన వీడియోలో మడమ వైపు మలుపు సగంలో ఆపి చూడండి. రెండు చేతులూ కనిపిస్తున్నాయా, నడుము మీద మడత ఉందా? ఒక చెయ్యి మాయమై, మడత లోతుగా ఉంటే గాడిలో ఆ మలుపు జారుతుంది.

ఇంకో సంగతి. స్నోబోర్డ్ గేటులో లోపలివైపు పొట్టి స్తంభం, బయటివైపు పొడుగు స్తంభం, మధ్యలో త్రికోణం జెండా ఉంటాయి. బోర్డు, రెండు పాదాలూ పొట్టి స్తంభానికి బయటనుంచే వెళ్లాలి, పైశరీరం దాని మీదుగా వెళ్లొచ్చు. ఆ జెండాని చేత్తో కొట్టాలని ఉబలాటపడకండి. చెయ్యి గేటుకి చాస్తే భుజం లోపలికి వాలుతుంది, ఎడ్జ్ మీద బరువు పోతుంది. లైను (మీరు దిగే దారి) సరిగ్గా ఉంటే ముంజేయి, పిక్క వాటంతటవే తగులుతాయి. దానికి గార్డులు ఉన్నాయి.

ఇదంతా ట్రైనింగ్‌లోకి తేవాలంటే పద్ధతి మార్చాలి. చాలా జట్లు నాలుగైదు రన్‌లు కాగానే కోర్సు పక్కకి జరిపి కొత్తగా పెడతాయి. వారంలో కనీసం రెండు సెషన్లు జరపకుండా వదిలేయమని అడగండి. అందరూ దిగాక చివర మీరు దిగండి, టైము ఆఖరి రెండు రన్‌లకే తీయించుకోండి. పూర్తి శక్తితో చేసే రన్‌లు సెషన్‌కి ఆరు నుంచి ఎనిమిది చాలు. ఆ తర్వాత చేసేవన్నీ అలసటతో తప్పుని అలవాటు చేసుకోవడమే. టైము మొత్తంగా ఒకటే కాకుండా కోర్సుని మూడు ముక్కలు చేసి చూడండి. నిటారు భాగంలో సెకనులో 2 పదో వంతులు పోతే కంటికి కనబడుతుంది. నిటారు నుంచి చదునుకి మారే చోట వేగం తగ్గిపోతే మాత్రం ఆ నష్టం చివరిదాకా పెరుగుతూ పోతుంది, వీడియోలో అంతా బాగున్నట్టే ఉంటుంది. వారానికొకసారి రేసు రోజులా చేయండి: కోర్సు చూడటం, చలిలో 40 నిమిషాలు నిలబడటం, ఒకే రన్, దానికే టైము. ఇష్టం లేకపోయినా చేయాల్సిన ట్రైనింగ్ ఇది, ఎందుకంటే రేసులో మీకు దొరికేది అదే.

స్టార్ట్ గురించి కొద్దిగా. రెండు పక్కలా పిడులు, ముందు తెరుచుకునే తలుపులు ఉంటాయి. ఆజ్ఞ తర్వాత తలుపులు తెరుచుకుంటాయి. ముందే తోస్తే తలుపు అడ్డుకుంటుంది, మీ కదలిక అక్కడే చచ్చిపోతుంది. పిడులు లాగేటప్పుడు పైకి లేవకండి, శక్తి అంతా ముందుకే పోవాలి. చేతులు రెండూ ఒకేసారి వెనక్కి వచ్చాక బోర్డు చదునుగా ఉంచి, మొదటి గేటుకి అవసరమైనంత ఎడ్జ్ మాత్రమే వేయండి. నేల మీద రబ్బరు పట్టీలతో లాగడం అభ్యాసం చేయొచ్చు కానీ తలుపు చప్పుడుకి స్పందించడం మంచు మీదే వస్తుంది. ట్రైనింగ్ కొండ మీద స్టార్ట్ గేటు ఉంటే ప్రతి రన్ దానిలోంచే మొదలుపెట్టండి.

కోర్సు చూసే సమయంలో బోర్డు అడ్డంగా జార్చుకుంటూ పక్కనుంచి దిగాలి. గేట్ల మధ్య మలుపులు తిరుగుతూ దిగితే డిస్‌క్వాలిఫై చేస్తారు, బిబ్ కూడా కనబడాలి. పారలల్ జెయింట్ స్లాలమ్‌లో గేట్ల మధ్య సుమారు 20 నుంచి 27 మీటర్లు, పారలల్ స్లాలమ్‌లో 10 నుంచి 14 మీటర్లు ఉంటుంది. ఆ పరిధిలోనే కోర్సు పెట్టే మనిషి లయ మారుస్తాడు, ఆ లయ మారే గేట్లు గుర్తు పెట్టుకోవాలి. వాలు ఎక్కడ విరుగుతోంది, నీడలోంచి ఎండలోకి ఎక్కడ వస్తోంది, నీళ్లు ఎక్కించి గట్టిపరచిన మంచు ఎక్కడ ఆగిపోతోంది అన్నవి చూడండి. మెత్తటి మంచు ఉన్నచోట గాడి ముందు పడుతుంది. మీ బిబ్ వచ్చేసరికి ఏ మూడు గేట్లు చెడిపోతాయో ముందే ఊహించి, అక్కడ లైను ఒక బోర్డు వెడల్పు పైకి జరపాలని నిర్ణయించుకోండి. రన్ దిగి వచ్చిన సహచరుడు రేడియోలో గేటు నంబరు చెబితే మీకు అర్థం కావాలి, అందుకే గేట్లు లెక్కపెట్టుకోండి.

ఇక బోర్డు. మగవాళ్లు జెయింట్ స్లాలమ్‌కి 185 సెంటీమీటర్ల చుట్టూ, స్లాలమ్‌కి 163 చుట్టూ వాడతారు. ఆడవాళ్లు రెండిట్లోనూ కొంచెం పొట్టివి, బరువుని బట్టి. టైటనాల్ (అల్యూమినియం మిశ్రమం) పొరలున్న కెస్లర్, ఆక్సెస్, ఎస్‌జీ లాంటి రేసు బోర్డు ఏదైనా మీ దగ్గర మంచి స్థితిలో ఉంటే, మీ స్థాయిలో కొత్తది కొన్నంత మాత్రాన ఓడిన రన్ గెలిచిన రన్ అవదు. ప్లేటు మాత్రం చూసుకోండి. బైండింగ్‌ని (బూటుని పట్టి ఉంచే అమరికని) బోర్డు నుంచి వేరు చేసే ఆ ప్లేటు వల్ల బోర్డు మీ బరువు కింద స్వేచ్ఛగా వంగుతుంది, అదురు కాలికి తక్కువ చేరుతుంది. మరీ గట్టి ప్లేటు నున్నటి ఐసు మీద అద్భుతంగా ఉండి గాడిలో బంతిలా ఎగురుతుంది. వెనక బిబ్‌లతో దిగేవాళ్లు ఒక మెట్టు మెత్తటి అమరికతో మొదలుపెట్టాలని నా సలహా. ప్లేటు జారాల్సిన చోట మంచు, ఉప్పు చేరి బిగుసుకుపోతే బోర్డు వంగడం ఆగిపోతుంది. వారానికోసారి విప్పి తుడవండి.

బైండింగ్ కోణాలు ముందు కాలికి 55 నుంచి 65 డిగ్రీలు, వెనక కాలికి దానికన్నా కొంచెం తక్కువ ఉండటం మామూలు. నిర్ణయించేది మీ పాదం పొడవు, బోర్డు నడుము వెడల్పు. బూటు వేళ్లు గానీ మడమ గానీ బోర్డు అంచు దాటి బయటికి వస్తే బాగా వాలినప్పుడు అదే మంచుకి తగిలి ఎడ్జ్ ఎత్తేస్తుంది. ముందు కాలి వేళ్ల కింద, వెనక కాలి మడమ కింద 3 డిగ్రీల ఎత్తుతో మొదలుపెట్టి, ఒకసారికి ఒక్కటే మార్చండి. కోణం, ఎత్తు, బూటు వంపు మూడూ ఒకే రోజు మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. మరలు ఎమ్6 (6 మిల్లీమీటర్ల మందం). పొడవు ఎక్కువైనది బిగిస్తే లోపలనుంచి బేస్‌ని (బోర్డు అడుగుభాగాన్ని) పొడిచి బుడిపె తెస్తుంది, ఆ చోట బోర్డు ఎప్పటికీ సరిగా జారదు. ప్రతి ఉదయం మరలన్నీ చేత్తో సరిచూడటం, వాటికి విప్పడానికి వీలున్న నీలి రకం జిగురు వాడటం, సంచిలో అదనపు వేళ్ల కడ్డీ, మడమ కేబులు, పది మరలు పెట్టుకోవడం తప్పనిసరి. స్టెప్-ఇన్ (తొక్కగానే బూటు పట్టుకునే) బైండింగ్ వాడేవాళ్లు మడమ సూదులు పూర్తిగా బయటికి వచ్చాయో లేదో ప్రతిసారీ చూడాలి. అరికాలి కింద మంచు గట్టిపడితే అవి సగమే పడతాయి, మలుపు మధ్యలో వదిలేస్తాయి.

ఎడ్జ్‌కి బేస్ వైపు అర డిగ్రీ, పక్క వైపు 3 డిగ్రీలు, అంటే 87 డిగ్రీల గైడు, గట్టి మంచుకి మంచి మొదలు. ఆకురాయి సరిగా తెగడం లేదంటే చాలాసార్లు కారణం పక్కగోడ. ఎడ్జ్ పైనున్న ఆ ప్లాస్టిక్‌ని ముందు చెక్కి వెనక్కి జరపకపోతే ఆకురాయి దాని మీదే తేలుతుంది. రేసు అయిన సాయంత్రం ముందు డైమండ్ రాయితో రాళ్లు తగిలి గట్టిపడిన చోట్లు తీసి, తర్వాతే ఆకురాయి పెట్టండి. గట్టిపడిన చోట నేరుగా ఆకురాయి పెడితే పళ్లు పోతాయి. చివర రబ్బరు రాయితో ముక్కు, తోక దగ్గర మంచుని తాకే చోటు దాటాక కొన్ని సెంటీమీటర్లు మొద్దు చేయండి, లేకపోతే గాడి గోడలో ముక్కు గుచ్చుకుంటుంది. వసంతంలో మంచు గట్టిపడటానికి కోర్సు మీద ఉప్పు చల్లుతారు. అది వ్యాక్స్‌ని (బేస్‌కి పూసే మైనాన్ని) తినేస్తుంది, ఎడ్జ్‌కి తుప్పు తెస్తుంది. ఆ రోజుల్లో కోర్సు దిగగానే మంచినీళ్లతో కడిగి తుడవాలి.

వ్యాక్స్ విషయంలో ఒకే హెచ్చరిక, కానీ పెద్దది. ఫిస్ 2023-24 సీజన్ నుంచి ఫ్లోరిన్ ఉన్న వ్యాక్స్‌ని అన్ని విభాగాల్లో పూర్తిగా నిషేధించింది. పరికరంతో బేస్ మీద పరీక్ష చేస్తారు, దొరికితే డిస్‌క్వాలిఫై. 2023 అక్టోబర్‌లో ఆస్ట్రియాలోని సోల్డెన్‌లో ఆల్పైన్ స్కీ సీజన్ మొదటి రేసులోనే నార్వే రేసర్ రాగ్నిల్డ్ మోవింకెల్ ఇలా ఫలితం పోగొట్టుకున్నారు. మీరు ఫ్లోరిన్ వాడకపోయినా పాత బ్రష్షు, పాత ఇస్త్రీ పెట్టె, అరువు తెచ్చుకున్న బల్ల, సెకండ్ హ్యాండ్ బోర్డు సంచి ద్వారా అంటుకోవచ్చు. పాత పనిముట్లు పారేయండి. పాత బోర్డు కొంటే బేస్‌ని స్టోన్ గ్రైండ్ (రాతి యంత్రంతో అరగదీయడం) చేయించి, పలుమార్లు శుభ్రమైన వ్యాక్స్ వేసి గీకి తీసేయండి.

కాగితాల పనికి వస్తే, ఫిస్ రేసులో వ్యక్తిగా పేరు ఇచ్చుకోవడం కుదరదు. మీ జాతీయ సమాఖ్యే ఫిస్ లైసెన్స్‌కి నమోదు చేస్తుంది, మీ కోడ్ నంబరు తెస్తుంది, ప్రతి రేసుకి ఎంట్రీ పంపుతుంది. అథ్లెట్ ప్రకటన మీద సంతకం పెట్టాలి. ఫిస్ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది, లైసెన్స్ ఏటా కొత్తగా చేయించాలి. సెప్టెంబర్‌లో గుర్తొస్తే మొదటి రేసులు పోతాయి. సమాఖ్య చిన్నదైతే ఎంట్రీ పంపే మనిషి ఎవరో, ఆయన ఊళ్లో లేనప్పుడు ఎవరు పంపుతారో ముందే తెలుసుకోండి. రేసు ముందురోజు సాయంత్రం జట్టు కెప్టెన్ల సమావేశంలో మీ తరఫున ఎవరో ఒకరు ఉండాలి. కోచ్ లేకుండా వెళ్లేవాళ్లు ఇంకో దేశం కోచ్‌ని ముందుగా అడిగి పెట్టుకుంటారు, ఈ సర్క్యూట్‌లో జనం దానికి సాయపడతారు. ప్రమాద బీమాలో రేసింగ్ చేరి ఉందో లేదో అక్షరం అక్షరం చదవండి. మామూలు ప్రయాణ బీమాలు చాలావరకు పోటీని మినహాయిస్తాయి, హెలికాప్టర్ రక్షణ ఖర్చు మీ మీద పడుతుంది.

డోపింగ్ నియమాలు మొదటి రేసునుంచే వర్తిస్తాయి. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫిడ్రిన్ పోటీ సమయంలో మూత్రంలో ఒక స్థాయి మించితే నిషిద్ధం, రేసుకి కనీసం 24 గంటల ముందే ఆపేయాలి. చలిగాలికి ఉబ్బసం ఉన్నవాళ్లు సాల్బుటమాల్ పీల్చుకోవచ్చు కానీ 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 మించకూడదు. మీ పేరు పరీక్షల జాబితాలోకి ఎక్కితే రోజూ ఒక గంట ఎక్కడుంటారో ముందుగా తెలపాలి. 12 నెలల్లో మూడుసార్లు తప్పితే అది డోపింగ్ ఉల్లంఘనే. హోటల్ మారిన రాత్రే ఆ వివరం మార్చేయడం అలవాటు చేసుకోండి.

సీజన్ అక్టోబర్‌లో ఆస్ట్రియాలోని హింటర్‌టుక్స్, పిట్స్‌టాల్ లాంటి హిమనదాల మీద ట్రైనింగ్‌తో మొదలై మార్చి దాకా సాగుతుంది. డిసెంబర్‌లో ఇటలీలోని కరెత్సా, జనవరిలో స్విట్జర్లాండ్‌లోని స్కువోల్, ఆస్ట్రియాలోని బాడ్ గాస్టైన్, బల్గేరియాలోని బాన్‌స్కో, స్లొవేనియాలోని రోగ్లా ఏళ్లుగా వరల్డ్ కప్ క్యాలెండర్‌లో కనబడే పేర్లు. యూరప్ బయటి పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి షెంగెన్ నియమం, అంటే 180 రోజుల్లో 90 రోజులు, మొత్తం సీజన్‌కి చాలదు. క్యాలెండర్ మీద రోజులు లెక్కపెట్టండి లేదా ముందే దీర్ఘకాల వీసాకి వెళ్లండి. విమానంలో హార్డ్ బూట్లు చేతి సామానులోనే ఉండాలి. బోర్డు అరువు దొరుకుతుంది, మీ కాలికి మలచిన బూటు దొరకదు. బేస్ క్లీనర్ మండే ద్రవం, విమానంలో తీసుకెళ్లనివ్వరు, దిగాక కొనుక్కోండి. ప్లేట్లతో రెండు రేసు బోర్డులు పెడితే సంచి 23 కిలోలు సులువుగా దాటుతుంది.

జెయింట్ స్లాలమ్, స్లాలమ్ రెండూ చేయాలా అని కూడా అడిగారు. డబ్బు, మంచు మీద రోజులు తక్కువైతే జెయింట్ స్లాలమ్‌కే ఎక్కువ ఇవ్వండి. పారలల్ స్లాలమ్ ఒలింపిక్స్‌లో ఒక్కసారే, 2014 సోచిలో జరిగింది. జెయింట్ స్లాలమ్ పారలల్ రూపంలో 2002 నుంచి ఉంటూ వచ్చింది. వయసు గురించి కంగారు పడకండి. ఆస్ట్రియా రైడర్ బెంజమిన్ కార్ల్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 36 ఏళ్లకి స్వర్ణం గెలిచాడు. అదే దేశానికి చెందిన క్లాడియా రీగ్లర్ 2015లో 41 ఏళ్లకి ప్రపంచ ఛాంపియన్ అయింది. మంచుని చదవడం ఏళ్లతో వచ్చే ఆట ఇది.

తలకి దెబ్బ తగిలితే ఆ రోజు రేసు అయిపోయినట్టే, ఎంత బాగున్నా సరే. తిరిగి రావడం మెట్టు మెట్టుగా, ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు, లక్షణాలు తిరగబెడితే మళ్లీ వెనక్కి. గేట్లలోకి డాక్టరు ఒప్పుకున్నాకే. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ని పైకి ఏమీ కనబడకపోయినా మార్చేయండి.

ఫైనల్స్‌కి చేరిన రోజు మారేవి కొన్నే. ఒక్కో జోడీకి ఒకే రన్, క్వాలిఫికేషన్‌లో ముందున్నవాళ్లు కోర్సు ఎంచుకుంటారు. ఉదయం రెండు కోర్సుల్లోనూ మీ ముక్కల టైము రాసిపెట్టుకుంటే ఎంపిక తేలిక. ఎండ ఏ కోర్సు మీదికి వస్తోందో మధ్యాహ్నం మళ్లీ చూడాలి, పొద్దున వేగంగా ఉన్నది మధ్యాహ్నానికి మెత్తబడుతుంది. పక్క రైడర్‌ని చూడకండి. తల తిప్పిన మలుపులోనే భుజం తిరుగుతుంది, మడమ ఎడ్జ్ వదిలేస్తుంది. పక్కవాడు పడిపోయిన చప్పుడు వినబడితే లైను కొద్దిగా వెడల్పు చేసి, ప్రతి గేటూ సరిగ్గా దాటి కిందకి రావాలి, ఆ స్థితిలో గేటు తప్పి ఓడిపోయేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ కనబడతారు. మీరే పడిపోతే, గేటు తప్పకపోతే లేచి దిగండి. ఇద్దరూ ముగింపు గీత చేరలేకపోతే ఎక్కువ గేట్లు సరిగ్గా దాటినవాళ్లదే ఆ రౌండ్.